వల మీద ఆరేసిన బురద

మట్టి వాసన చూసి జీతం తీసుకునే మనిషిని నేను. చిత్తడి నేలల్ని ఎలా కాపాడాలో, ఆ నేలల్లో మట్టి ఎలా ఉంటుందో ఫారెస్టు గార్డులకీ, వాళ్ళ మీది ఆఫీసర్లకీ నేర్పడం నా ఉద్యోగం. పోర్ట్ బ్లెయిర్‌లో మాకొక గది ఇచ్చారు, ఒక ప్రొజెక్టరు ఇచ్చారు. ఆ ప్రొజెక్టరు చెమ్మకి పనిచేయదు, ఇక్కడ చెమ్మ లేని నెలలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకని నేనెవర్నీ గదిలో కూర్చోబెట్టను, మొదటి రోజే మోకాలి లోతు బురదలోకి దింపుతాను. ఇస్త్రీ ప్యాంట్లు మడత పెట్టుకుంటూ, మొహాలు చిట్లించుకుంటూ వాళ్ళు దిగుతుంటే లోలోపల నాకు మహా సరదాగా ఉండేది. ఉండేది అంటున్నాను, ఇప్పుడు లేదు. ఇప్పుడు పాఠం చెబుతుంటే నా గొంతు నాకే విసుగ్గా వినిపిస్తోంది.

నేను పుట్టింది ఇక్కడే, పోర్ట్ బ్లెయిర్ పక్కనున్న బ్రూక్షాబాద్‌లో. మా తాతలది శ్రీకాకుళం సముద్రపొడ్డు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఆఫీసులో ఇంగ్లీషు. కోపం వస్తే మూడూ ఒకేసారి వస్తాయి, నాకు కోపం తరచుగానే వస్తుంది. బురదలో నిలబడి ఫోన్ చూసుకునే పెద్దమనిషి చేతిలోంచి ఫోన్ లాక్కుని నా సంచిలో పడేసిన సందర్భాలున్నాయి. "కీచడ్ హీ తో హై మేడం, ఉత్తి బురదే కదా, దీనికి కూడా ట్రైనింగా?" అని ఒకాయన నవ్వాడు. ఆయన చేత సాయంత్రం దాకా గొయ్యి తవ్వించాను.

ఆ గొయ్యిలో ఏం చూపిస్తానో చెబితేగాని నా ఏడుపు మీకు అర్థం కాదు. మడ అడవుల మధ్య పోటుకి నిండి, పాటుకి తీసే ఉప్పునీటి కాలువని ఇక్కడ అందరం నాలా అంటాం. నాలా అడుగున బురద నల్లగా, వెన్నలా మెత్తగా ఉంటుంది. కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొడుతుంది. ఆ కంపు అందులోని గంధకానిది. కంపు కొడుతోందంటే నేల బాగుందని అర్థం. నీళ్ళ కింద, గాలి తగలకుండా ఉన్నంతకాలం ఆ గంధకం ఎవరి జోలికీ పోదు. చేపపిల్లలూ, రొయ్యపిల్లలూ, పీతలూ దాని మీదే పెరుగుతాయి. గాలి తగిలి ఆరడం మొదలుపెట్టిందా, అదే గంధకం యాసిడ్ అయిపోతుంది. బ్యాటరీలో పోస్తారే, ఆ యాసిడ్. పులుపు కొలిచే మీటరు గుచ్చితే తడి బురదలో ఏడు చూపిస్తుంది, అంటే పులుపూ లేదు, క్షారమూ లేదు. అదే బురద గాలికి ఆరాక మూడున్నరకి పడిపోతుంది, అంటే చింతపండు రసమంత పులుపు. అందులో ఏదీ బతకదు.

అందుకే ప్రతి బ్యాచ్‌కీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరతాను. నాలా బురదని తడిగా తియ్యండి, సంచిలో గాలంతా పిండేసి మూతి బిగించండి, ఐసులో పెట్టండి, ఆలస్యం చెయ్యకుండా ల్యాబ్‌కి పంపండి. మట్టిని నీడన ఆరబెట్టి, దంచి, జల్లించి పంపమని మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన పుస్తకంలో ఉంటుంది. అది పొలం మట్టికి. చౌల్దారీ ఊళ్ళో కూరగాయల మడికి ఆ పద్ధతి చక్కగా పనికొస్తుంది. నాలా బురద దగ్గర మాత్రం ఆ పేజీ మర్చిపోండి అంటాను. అందరూ బుద్ధిగా తలూపుతారు.

ఒక బ్యాచ్‌లో మధ్య అండమాన్‌లోని రంగత్ వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. కొత్తగా గార్డు ఉద్యోగంలో చేరింది. రంగత్‌కి దగ్గర్లో ఒక నాలా పక్కనున్న మత్స్యకారుల వాడ వాళ్ళది. తండ్రి లేడు. తల్లి నాలాలో పీతలు పట్టి, చేపలు ఎండబెట్టి బజారులో అమ్మి దాన్ని చదివించింది. తెలుగు గడగడా మాట్లాడుతుంది, చదవమంటే మాత్రం నసుగుతుంది. క్లాసులో నన్ను "మేడం" అనేది, బయటికి రాగానే "దీదీ" అనేది. బురదలోకి దిగమంటే ఎవరికంటే ముందు దిగింది. గుప్పెడు తీసి వాసన చూసి, "దీదీ! బిల్‌కుల్ మా నాలా వాసనే!" అని కేకేసింది. అందరూ ముక్కు మూసుకుంటుంటే దీని మొహం వెలిగిపోతోంది. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క పిల్లనైనా సరిగ్గా తయారు చేశానని ఆ రోజు పొంగిపోయాను, నా మొహం.

ఆ పిల్ల వాళ్ళ నాలాకే గండం వచ్చింది. మూతి దగ్గర కట్ట వేసి, నీళ్ళు తోడేసి, పైన మట్టి నింపి టూరిస్టు బస్సులు నిలపడానికి జాగా, కొన్ని దుకాణాలు కడతామన్నారు సర్కారు వాళ్ళు. వాడలో వాళ్ళకి అది చావు కబురు. గాలివాన వస్తే పడవలన్నీ దూరేది ఆ నాలాలోకే. ఆడవాళ్ళు పీతలు పట్టేది అక్కడే. బయట సముద్రపు పాయలో వల వేస్తే పడే చేపలూ, రొయ్యలూ చిన్నప్పుడు పెరిగేది అందులోనే. రూలు ప్రకారం, ప్రాణంతో ఉన్న చిత్తడి నేల అయితే ముట్టుకోకూడదు. ఎప్పుడో పాడైపోయిన నేల అయితే పూడ్చుకోవచ్చు. ఇది ఏ రకమో అప్పటిదాకా ఎవరూ పరీక్ష చేయలేదు.

పరీక్ష చేయిద్దామని అడిగింది మా రంగత్ పిల్లే. నిన్నగాక మొన్న చేరిన గార్డు, ఆఫీసరు ముందు నిలబడి, "సర్, అది జిందా హై, ప్రాణంతోనే ఉంది. టెస్ట్ చేయించండి, మీకే తెలుస్తుంది" అందట. ఆ ఆఫీసరు చెడ్డవాడు కాదు. "అచ్ఛా, నువ్వే శాంపిల్ తియ్. ట్రైనింగ్ తీసుకున్నావు కదా" అన్నాడు. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసింది. "దీదీ, మన నాలా బచ్ జాయేగా! మా అమ్మ అప్పుడే వాడంతా చాటేసింది, మా ఆడగుంట నాలాని కాపాడుతాదని" అంది. నేను కూడా నవ్వాను. నేర్పినట్టే తియ్యమన్నాను, జాగ్రత్త అన్నాను. నేర్పినట్టే తీసింది. ఆ మాట ఎవరి ముందైనా చెబుతాను.

తర్వాత వాన పట్టుకుంది. పోర్ట్ బ్లెయిర్ వెళ్ళే ట్రంక్ రోడ్డు మీద కొండ జారి బస్సులు ఆపేశారు. సముద్రం రేగి ఓడ రద్దయింది. కరెంటు పోయింది, రంగత్ బజారులో ఐసు లేదు, ఫోన్లు మూగబోయాయి. నేను చౌల్దారీలో ఇంకో బ్యాచ్‌కి పాఠం చెబుతూ, శాంపిళ్ళు ఎప్పుడో చేరిపోయి ఉంటాయిలే అనుకుంటున్నాను.

రోడ్డు తెరుచుకుని, పరీక్ష అయిపోయి, ఫలితం ఆఫీసుకి చేరాక మళ్ళీ ఫోన్ చేసింది.

"దీదీ, ల్యాబ్ వాళ్ళు గల్తీ చేసినారు. నాలా బురద ఏడుండాల కదా? మూడున్నర అని పంపినారు."

"మూడున్నరా? అదెలా? నువ్వు పంపినప్పుడు బురద ఎలా ఉందే?"

"బాగుంది దీదీ. ఏకదమ్ సాఫ్‌గా. పొడి పొడిగా చేసి, గుడ్డ సంచుల్లో పోసి పంపినాను."

"పొడి ఏమిటే? పొడి ఎలా అయింది?"

"కుళ్ళిపోతోంది కదా దీదీ" అంది. గొంతులో ఏ అనుమానమూ లేదు. "ఐస్ కరిగిపోయింది. సంచులు ఉబ్బిపోయాయి. కంపు ముదిరిపోయింది. రోడ్డు ఎప్పుడు తెరుస్తారో తెలీదు. అలాగే వదిలేస్తే పాడైపోతదని ఆరేసినాం. రోజూ పొద్దున్నే పరచడం, వాన చినుకు పడితే లోపలికి తీసేయడం. అమ్మ రోజంతా కాపలా కాసింది, కాకులు తొక్కకుండా. చేపలు ఆరేసే వల వద్దంది, ఉప్పు అంటుకుంటదని. కొత్త వల తీసి పరిచింది."

ఏం చెప్పను? వేటకి పోయే ఇళ్ళల్లో పుట్టిన ఎవరినైనా అడగండి. పాడైపోతున్న సరుకుని దక్కించుకోవాలంటే ఆరబెట్టాలి. వాళ్ళ తాతలు అలాగే బతికారు, మా తాతలూ అలాగే బతికారు. పాడు కంపు వస్తుంటే మూతి కట్టి ఊరుకోమని నేను చెప్పిన మాట నాలుగు రోజులదీ, ఆ చేతులకి ఉన్న అలవాటు పుట్టినప్పటిదీ. పైగా ఆ పుస్తకంలో కూడా ఆరబెట్టమనే ఉంది, పిల్ల తెరిచి చూసుకుని ధైర్యం తెచ్చుకుందట. తల్లీకూతుళ్ళిద్దరూ కొత్త వల మీద, కాకి వాలకుండా, ప్రాణంతో ఉన్న బురదని చేతులారా చంపి, మూటగట్టి పంపారు. నాలాని కాపాడదామనే పంపారు.

ఆ క్షణంలో నేను అరిచాను. "బుద్ధుందా నీకు? ఎన్నిసార్లు చెప్పానే ఆరబెట్టొద్దని!" అని నోటికొచ్చినట్టు అరిచాను. "అంటే దీదీ... నాలా చచ్చిపోయిందని రాసినారా?" అంది. అవునన్నాను.

ఆ ఫలితం రద్దు చేయించాలని నేను తిరగని గుమ్మం లేదు. శాంపిల్ చెడింది మహాప్రభో, నేల చెడలేదు, మళ్ళీ తీయనివ్వండి అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఎవరూ కసురుకోలేదు, కసురుకున్నా బాగుండేది. టీ ఇచ్చారు, కుర్చీ వేశారు. "మేడం, శాంపిల్ తీసింది మీ స్టూడెంటే, పద్ధతి కూడా పుస్తకంలోదే కదా. పరీక్ష అడిగింది కూడా వాళ్ళే" అన్నారు ఒక చోట. "దేఖేంగే మేడం, చూద్దాం" అన్నారు మిగతా చోట్ల. ఈ ద్వీపాల్లో పుట్టి పెరిగినదాన్ని, దేఖేంగే అంటే ఏమిటో నాకు తెలుసు. ఇంటికొచ్చి చెప్పులు విసిరికొట్టి, అన్నం తినకుండా పడుకున్నాను.

మళ్ళీ పరీక్ష చేసుకోమని ఆఫీసుల్లో ఒప్పుకునేసరికి ఎండలు వచ్చాయి. ఈలోపు నాలా మూతికి కట్ట వేసేశారు. లోపలి నీళ్ళు తోడి బయట పోసేశారు. మట్టి నింపాల్సిన కాంట్రాక్టరు మాత్రం పత్తా లేడు. దుకాణాలూ లేవు, బస్సులూ లేవు. ఉత్తి పుణ్యానికి ఆ జాగా అలా ఎండుతూ పడి ఉంది.

నేనూ, ఆఫీసరూ, మా పిల్లా కట్ట దిగి లోపలికి నడిచాం. నడిచాం అంటున్నాను, అదివరకు పడవల్లో వెళ్ళిన చోట చెప్పులతో నడిచాం. బురద ఆరి బీటలు వారింది. పగుళ్ళ అంచుల్లో పసుపు జల్లినట్టు మరకలు, గుంటల్లో మిగిలిన నీళ్ళు తుప్పు రంగు. మడ చెట్లకి ఆకు లేదు. పీత డొల్లలు కాలి కింద పటపటలాడాయి. నాకు మీటరు తీయాలని కూడా లేదు. ఆ పసుపు మరకలు చూస్తే చాలు, పాఠం చివర చేతికిచ్చి చూపించే చచ్చిన నేల ఫోటో అదే. కానీ అంత దూరం వచ్చి, పరీక్ష కావాలని అంత గొడవ చేసి, ఇప్పుడు తీయనంటే ఎలా? గుచ్చాను. మూడున్నర.

ఆఫీసరు వంగి చూశాడు. ఆయన మొహంలో వెటకారం లేదు, నామీద జాలి ఉంది. "దేఖియే మేడం. అప్పుడూ ఇదే, ఇప్పుడూ ఇదే. ల్యాబ్ తప్పేం లేదు కదా" అన్నాడు.

"అప్పుడు ఇది కాదు సర్! అప్పుడు ఏడు. మీరు చచ్చిపోయిందని రాసుకుని నీళ్ళు తీసేశారు, నీళ్ళు తీసేశారు కాబట్టి చచ్చిపోయింది. ఆప్ సమఝ్ రహే హైఁ, అర్థమవుతోందా? ముందు కాగితం మీద చచ్చింది, తర్వాత నేల చచ్చింది!"

"హో సక్తా హై, అయ్యుండొచ్చు" అన్నాడాయన మెల్లిగా. "కానీ నేనేం రాయను మేడం? మీటరు చూపించిందే కదా రాయాలి."

నేలని మాటలతో కాదు, మీటరుతో చదవండి అని ఆయనకి నేర్పింది మేమే. తలెత్తి చూస్తే మా పిల్ల బీటల మధ్య గొంతుకూర్చుని ఉంది. పసుపు మరక మీద వేలు పెట్టి, వేలు నాలుక చివర పెట్టుకుంది. చూసి మొహం తిప్పేసుకున్నాను. "దీదీ, నీళ్ళు వదిలేస్తే? కట్ట కొట్టేస్తే మళ్ళీ బాగవుతదా?" అంది.

ఆ ప్రశ్న అడగకుండా ఉంటే ఎంత బాగుండేదో. ఒక్కసారిగా కట్ట తెగితే పోటు నీళ్ళు లోపలికి వస్తాయి, నేలలో చేరిన యాసిడ్‌నంతా కడిగి బయటి పాయలోకి లాక్కుపోతాయి. అక్కడున్న చేపలన్నీ తెల్లబడి తేలతాయి. వాడకి మిగిలింది ఆ పాయ ఒక్కటే. కట్టకి చిన్న తలుపు పెట్టి, సున్నం వేస్తూ, కొద్దికొద్దిగా పోటు నీళ్ళు వదిలితే నాలా మెల్లిగా కోలుకోవచ్చు. దానికి మనిషి కావాలి, సున్నం కావాలి, ఏళ్ళ తరబడి ఓపిక కావాలి. అదంతా దానికి చెప్పాను, ఆఫీసరుకి చెప్పాను, పోర్ట్ బ్లెయిర్‌లో మళ్ళీ గుమ్మం గుమ్మానికీ చెప్పాను. తలుపూ రాలేదు, సున్నమూ రాలేదు. వచ్చిందల్లా ఒక్క ఆర్డరు. కట్టని ఎవరూ తెగ్గొట్టకుండా కాపలా పెట్టమని. స్థానికురాలు, ట్రైనింగ్ అయిన మనిషి అని ఆ డ్యూటీ మా పిల్లకి వేశారు.

ఆ తర్వాత ఒకసారి రంగత్ వెళ్ళినప్పుడు, పొద్దున్నే దాన్ని చూద్దామని కట్ట దగ్గరికి పోయాను. ఖాకీ బట్టల్లో, లాఠీ పక్కన పెట్టుకుని కూర్చుంది. చిక్కిపోయింది. ఇంట్లో అమ్మ వండి పెడుతుంది, మాట్లాడదు అని చెప్పింది. వాడలో ఎవరూ పలకరించరట. "కరెక్టే కదా దీదీ, నేనైనా పలకరించను" అని నవ్వబోయింది. నాకు ఏడుపు ఆగలేదు. ఊరుకోండి దీదీ అని అదే నన్ను ఊరుకోబెట్టింది, ఎంత సిగ్గుచేటు!

అప్పుడే వచ్చారు వాళ్ళు. నలుగురైదుగురు మగవాళ్ళు గడ్డపారలు పట్టుకుని, ముందు దాని తల్లి. పొట్టిగా, నల్లగా, నడుముకి చీర బిగించుకుని ఉంది. కూతురు లేచి కట్ట మీద అడ్డంగా నిలబడింది.

"తప్పుకోవే గుంటా" అంది తల్లి.

"వద్దమ్మా. కట్ట కొట్టీకండి."

"నీ సదువు మా నాలాని తినీసినాది. ఇప్పుడు ఈ కట్టకి కాపలా కాస్తావేటే? ఎవులి కూడు తింటన్నావే నువ్వు?"

"అమ్మా, లోపల యాసిడ్ ఉంది. కట్ట తెగితే పాయలో చేపలన్నీ సచ్చిపోతాయి. సచ్ బోల్ రహీ హూఁ, నిజమే సెప్తన్నానమ్మా, నా మాట ఇను." అని నా వైపు తిరిగింది. "దీదీ, మీరు సెప్పండి."

అందరూ నన్ను చూశారు. నోరు విప్పకుండా వెనక్కి తిరిగి బస్సెక్కేద్దామా అనిపించింది. కానీ చెప్పాను. గంధకం గురించి, యాసిడ్ గురించి, వల మీద ఆరిన బురదకి ఏమైందో ఇక్కడి నేలకీ అదే అయిందని, ఇప్పుడు కట్ట కొడితే బయట పాయకి ఏమవుతుందో అన్నీ చెప్పాను. అది మొదటిసారి ఆ వాడ వాళ్ళకి నేను నేరుగా పాఠం చెప్పడం. తిడతారనుకున్నాను, అబద్ధమంటారనుకున్నాను, నన్ను తోసేసి కట్ట కొట్టేస్తారనుకున్నాను. మనసులో ఒక మూల అలా చేస్తే బాగుండునని కూడా అనిపించింది.

వాళ్ళు చివరిదాకా విన్నారు. మగవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఒకతను గడ్డపార కిందికి దించాడు. దాని తల్లి నన్నడిగింది, "ఎన్నాళ్ళు ఆగాలమ్మా మరి?"

"తెలీదమ్మా" అన్నాను.

"నీకే తెల్దేటి?"

"నాకే తెలీదు."

ఆమె తల పంకించింది. నమ్మింది నన్ను. వల పరిచిన రోజు కూతురి చదువుని ఎంత నమ్మిందో ఇప్పుడు నన్నూ అంతే నమ్మింది. మగవాళ్ళు గడ్డపారలు భుజాన వేసుకుని వెనక్కి నడిచారు. ఆమె రెండడుగులు వేసి ఆగి, కూతురి వైపు తిరిగింది. ఎన్నో నెలల తర్వాత దానితో మామూలుగా మాట్లాడింది.

"అయితే నువ్విక్కడే ఉండు. ఎవులో ఒకలు కాయాలి కదేటి" అంది. ఆ గొంతులో కోపం లేదు. "కూడు ఇక్కడికే అట్టుకొస్తాన్లే."